నలభై ఏడో డబ్బీ

మా వియ్యపురాలు కాగితాన్ని బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా నా దగ్గు మందు సీసాను దాని మీద బరువు పెట్టింది. కూర్చునే ముందు కుర్చీని చేతిరుమాలుతో తుడిచింది. ఆరేళ్ల వియ్యంలో ఆవిడ మా ఇంటికి వచ్చింది మూడుసార్లు. మూడుసార్లూ అదే కుర్చీ, అదే తుడుపు.

వాళ్ల వీధిలో ఆవిడను మేజిస్ట్రేటు అంటారు. ఎవరింట్లో తగువు వచ్చినా తీర్పు ముందు చెప్పి, సంగతి తర్వాత వింటుంది.

"చదువుకోండి వదినగారూ. రాకపోతే ఎవరితోనైనా చదివించుకోండి" అంది.

"వచ్చు" అన్నాను.

మా ఆయన పోయాక, నలభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. నిదానంగా చదువుతాను కానీ ఒక్క అక్షరం వదలను. పిల్లలు కలగకపోవడానికి కారణం పూర్తిగా తన శరీరంలోని లోపమేనని, భర్తలో ఏ లోపమూ లేదని పరీక్షల్లో తేలిందని, అందుకని తన ఇష్టంతోనే విడిపోతున్నానని మా అమ్మాయి చెబుతున్నట్టు ఉంది ఆ కాగితంలో. కింద సంతకానికి గీత. వెనక పిన్ను గుచ్చి అల్లుడి రిపోర్టు. కణాల సంఖ్య బాగుంది, కదలిక బాగుంది, ఆకారం బాగుంది. ఆ రిపోర్టు పైన ఉన్న ముద్ర నేను పనిచేసే ల్యాబుది.

అమ్మాయి అప్పుడు పిల్లల కోసం మూడోసారి ఇంజెక్షన్ల కోర్సు మొదలుపెట్టబోతోంది. రోజుకొకటి చొప్పున పన్నెండు, పొట్ట మీద. మా వాడికి సూదులు చూస్తే కళ్లు తిరుగుతాయి, ల్యాబులో పనిచేసే తల్లి ఉండగా నర్సెందుకు, మీ దగ్గరే ఉంచుకుని పొడవండి అని మేజిస్ట్రేటు పిల్లను నా దగ్గర దింపింది. ఆ సంచీతో పాటే ఈ కాగితం వచ్చింది.

"పన్నెండో సూది అయిన మర్నాడు ఆదివారం. ఆ రోజు వస్తాం. సంతకం పెట్టి నా చేతికివ్వాలి. కడుపు నిలిస్తే నేనే చింపేస్తాను" అంది.

"నిలవకపోతే?"

"నిలవకపోతే మళ్లీ మీ చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదు. అందుకే ముందే పెట్టమంటున్నాను."

అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి అంతా విన్నది. స్కూలు సంచులు కుట్టే చోట పదిమందిని అదిలించి పని చేయించే మనిషి, అత్తగారి ముందు మాత్రం నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది. నాకు వియ్యపురాలి మీద ఎంత మండిందో, పిల్ల మీదా అంతే మండింది.

నా పని ఏమిటో చెప్పాలి. మా ల్యాబులో మగవాళ్ల బీజకణాల మీద పరిశోధన చేస్తారు. కిటికీ దగ్గర కూర్చుని డబ్బీలు తీసుకోవడం నా వంతు. మూత బిగిసి ఉందో లేదో చూసి, నంబరు చీటీ అంటించి, ఎన్ని గంటలకు పట్టిందో అడిగి రాసి, లోపలికి పంపాలి. ఎవరి నంబరు ఎంతో రాసిన పుస్తకం డాక్టరమ్మ బీరువాలో తాళం వేసి ఉంటుంది. డబ్బీ చేతికి వచ్చాక మనిషి ఉండడు, నంబరే ఉంటుంది. చాలామంది మా దగ్గరున్న గదిలోనే ఇస్తారు. సిగ్గుపడేవాళ్లు ఇంటి దగ్గర పట్టి, చల్లబడకుండా ఒంటికి ఆనించుకుని గంటలోపు తేవచ్చు.

లెక్క బాగున్నా పిల్లలు పుట్టని మగవాళ్లే ఈ పరిశోధనకు కావలసినవాళ్లు. లోపల వాళ్లు చూసేది కణాల సంఖ్యను మించినది. తండ్రి నుంచి బిడ్డకు వెళ్లే రాతలో అక్షరాలు మారకుండానే, ఆ అక్షరాల మీద చిన్నచిన్న గుర్తులు పడతాయట. ఏది చదవాలి, ఏది వదిలెయ్యాలి అనేది ఆ గుర్తులు చెబుతాయట. డాక్టరమ్మ కొత్తవాళ్లకు ఇది చెప్పడానికి అరగంట కష్టపడుతుంది. నాకు వెంటనే తెలిసింది. మా ఆయనకు లాండ్రీ ఉండేది. రెండు చొక్కాలు ఒకే తాను గుడ్డ కావచ్చు, కాలరు లోపల మేం వేసిన గుర్తును బట్టే ఒకటి గంజికి, ఒకటి చన్నీళ్లకు పోతుంది. అక్షరాలు రాకముందే నాకు గుర్తులు వచ్చు.

ఇంకొకటి కూడా ఉంది. వయసు పెరిగేకొద్దీ ఆ గుర్తులు కొన్నిచోట్ల పెరుగుతాయి, కొన్నిచోట్ల చెరుగుతాయి. వాటిని చూసి ఇచ్చినవాడి వయసు రెండు మూడేళ్లు అటూ ఇటూగా చెప్పేస్తారు.

అల్లుణ్ణి ఈ పరిశోధనలో చేర్చింది నేనే. నాలుగు నెలల కిందట, రెండో కోర్సు కూడా పోయాక, ఎప్పుడూ పిల్లనే పొడుస్తున్నారు, అబ్బాయికి కూడా ఒకసారి చూపించండి, మా దగ్గర చేరితే రిపోర్టు ఇస్తారు అని ఎంతో బతిమాలాను. మేజిస్ట్రేటు మా వంశంలో అలాంటివి లేవంది. అయినా అతను వచ్చాడు. గదిలోకి మాత్రం వెళ్లనన్నాడు. మర్నాడు ఇంటి నుంచి తెచ్చానంటూ కిటికీలోంచి డబ్బీ అందించి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. అత్తగారి చేతికి అది ఇవ్వాల్సి రావడం ఎవరికైనా కష్టమే అనుకుని నేనూ తల ఎత్తలేదు. డబ్బీ చుట్టూ తెల్లటి పొడి ఉంది, సుద్దపొడిలా. రబ్బరు కాలిన వాసన కూడా వేసింది. తుడిచేసి చీటీ అంటించాను. నలభై ఏడు. మా ఆయన పోయిన వయసు. అందుకే ఆ నంబరు నాకు గుర్తుండిపోయింది.

ఇప్పుడు ఆ నలభై ఏడే నా మెడకు చుట్టుకుంది.

గుర్తుల లెక్కలు చూసే కళ్లజోడమ్మాయి ఒకరోజు గొట్టాల స్టాండు తెచ్చి నా ముందు టక్కున పెట్టింది. నలభై ఏడో నంబరు ఫారంలో వయసు ముప్పై ఒకటి అని ఉంటే మిషను యాభై ఆరు చూపిస్తోందని, నేను సర్దేటప్పుడు గొట్టాలు తారుమారు చేశానని అంది. మొదట రక్తకణాలేమైనా కలిసి లెక్క చెడిందేమోనని చూశారట. రక్తంలో తప్పకుండా ఉండి, బీజంలో ఎప్పుడూ ఉండని గుర్తు ఒకటుంది, దాంతో పట్టేస్తారు. అదేమీ లేదు. కాబట్టి తప్పు నాదే.

"చదువు లేనివాళ్లకు నంబర్ల పని ఇస్తే ఇలాగే ఉంటుంది" అని ఆ పిల్ల పక్కవాళ్లతో అంది, నాకు వినపడేలా.

నేను ఊరుకోలేదు. ప్రతి డబ్బీలోంచి మొదటే కాస్త పక్కకు తీసి డాక్టరమ్మ తన చేత్తో గడ్డకట్టించి దాస్తుంది. దాన్ని నేను ముట్టను. అది తీసి మళ్లీ చూడండి, అందులో ముప్పై ఒకటి వస్తే తప్పు నాదే, నా చెయ్యి విరగ్గొట్టండి అన్నాను. ఆ మొండితనమే నా కొంప ముంచింది.

అమ్మాయికి నాలుగో సూది వేసిన మర్నాడు మళ్లీ చేసిన ఫలితం వచ్చింది. యాభై ఆరు.

కళ్లజోడమ్మాయి నాకు క్షమాపణ చెప్పలేదు. డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"గొట్టాల తప్పు కాదు. ఎవరో వేరేవాళ్లది తెచ్చి ఇచ్చారు" అంది. "ఆ రోజు కిటికీ దగ్గర నువ్వే ఉన్నావు. ఎవరో గుర్తుందా?"

"రోజుకు పదిమంది వస్తారమ్మా."

"గుర్తుంటే మర్చిపో. నంబరు వెనక పేరు నీ నోటి నుంచి బయటికి వచ్చిందంటే నూట ఇరవైమంది మనల్ని నమ్మి ఇచ్చినదంతా కాలవలో పోసినట్టే. ఆ తర్వాత నువ్వు ఈ గుమ్మం ఎక్కవు."

"ఆ రిపోర్టు పట్టుకుని వాళ్లింట్లో ఎవరినైనా బాధపెడుతుంటే?"

"అందుకే మళ్లీ పిలుస్తాం. ఈసారి ఇక్కడ గదిలోనే ఇమ్మంటాం. రాకపోతే రిపోర్టు చెల్లదని రాసి పంపుతాం. దానికి నెల గడువు ఉంది. అంతకుమించి నువ్వు చెయ్యాల్సింది ఏమీ లేదు."

నెల. నాకున్నది ఎనిమిది రోజులు.

ఉత్తరాలు కవర్లలో పెట్టేది కూడా నేనే. అల్లుడి పేరున్న కవరు నాలుకతో తడిపి అంటించాను. ఇంటికి వెళ్లి చేతులు కడుక్కుని, పొట్ట మీద దూదితో తుడిచి, అమ్మాయికి ఐదో సూది వేశాను. అది పళ్లు బిగించి పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. పొట్ట నిండా నీలం మచ్చలు. "ఈసారైనా నిలుస్తుందంటావా అమ్మా?" అంది. చూద్దాం అన్నాను.

ఆరో రోజు పోయింది, ఏడు, ఎనిమిది. అల్లుడు ల్యాబుకు రాలేదు. సూదులు ఆపేస్తే, మీరే కోర్సు చెడగొట్టారు అని మేజిస్ట్రేటుకు నేనే మాట అందించినట్టు అవుతుంది. చెబితే ఉద్యోగం పోతుంది, ఆ ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తోంది. ఇలా నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే రోజూ పొడిచాను.

తొమ్మిదో రోజు అల్లుడి పనిచోటుకు వెళ్లాను. అతను పాత టైర్లకు కొత్త రబ్బరు వేసే వర్క్‌షాపులో మేనేజరు. అరిగిన టైరును గీకి, పైన కొత్త రబ్బరు పట్టీ చుట్టి, పెద్ద పొయ్యిలో పెట్టి ఉడికిస్తారు. బయటికి తీశాక ఏది కొత్తదో ఏది పాతదో చెప్పడం కష్టం. రబ్బరు అంటుకోకుండా అన్నిటి మీదా తెల్లటి సుద్దపొడి చల్లుతారు. నేల, బల్లలు, మనుషుల కనుబొమ్మలు అన్నీ తెలుపు. గుమ్మంలోనే నాకు ఆ డబ్బీ గుర్తొచ్చింది.

పొయ్యి దగ్గరున్న మేస్త్రి నన్ను గుర్తుపట్టాడు. మేనేజరుగారి అత్తగారా, రండమ్మా అని టైరు మీద గుడ్డ పరిచి కూర్చోబెట్టాడు. మాటకారి. కుశలాలు అడిగితే సొంత సంగతులన్నీ చెప్పేశాడు. ఐదుగురు పిల్లలట. ఆఖరిది పుట్టినప్పుడు పెద్దదానికి పెళ్లి కుదిరిందట.

"మా ఆవిడ నా చొక్కా దండెం మీద ఆరేసినా నెల తప్పుతుందని ఇక్కడ అందరూ ఎగతాళి చేస్తారమ్మా" అని నవ్వాడు.

"నీ వయసెంత నాయనా?"

"యాభై ఆరు. ఎవరూ నమ్మరు."

"నేను నమ్ముతాను" అన్నాను.

అతను ఇంకా నవ్వుతూనే, మీ అల్లుడుగారు దేవుడమ్మా, నాకు పగటి షిఫ్టు వేయించారు, నేనూ ఆయనకొక సాయం చేశాను లెండి, అది చెప్పుకునేది కాదు అన్నాడు. అని, నా మొహం చూసి ఎందుకో ఆగిపోయాడు. ఐదుగురు బిడ్డల తండ్రిని ఏరుకున్నాడు మా అల్లుడు. పండే చెట్టు అనుకున్నాడు, చెట్టు వయసు కూడా చూస్తారని అతనికి తెలియదు.

అద్దాల గదిలోంచి అల్లుడు మమ్మల్నిద్దరినీ చూశాడు. పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఇక్కడికెందుకొచ్చారు అత్తయ్యా?"

"ల్యాబు నుంచి ఉత్తరం వచ్చిందా బాబూ?"

ఆ మాట ఎత్తడమే తప్పని నాకు తెలుసు. అయినా ఎత్తాను.

"వచ్చింది. తీరిక లేదు."

"పావుగంట పని."

అతను మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి టైరు వైపు చూశాడు. "మీరు మీ అమ్మాయి సంతకం సంగతి చూసుకోండి" అని అల్లుడు వెనక్కి తిరిగాడు. వీపు మీద తెల్లగా ఎవరిదో చెయ్యి అచ్చు ఉంది.

ఇంటికి వెళ్లి తొమ్మిదో సూది వేశాను.

ఆదివారం ఇద్దరూ వచ్చారు. కుర్చీ తుడుపు అయింది. మేజిస్ట్రేటు పెన్ను కూడా తెచ్చుకుంది. మూత తీసి అమ్మాయి ముందు పెట్టింది. అల్లుడు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"సంతకం పెడుతుంది" అన్నాను. "ఒక్క పని అయ్యాక. ల్యాబు వాళ్లు అబ్బాయిని మళ్లీ ఒకసారి ఇమ్మన్నారు. అక్కడి గదిలోనే. రేపు వెళ్లి ఇచ్చి రమ్మనండి. రేపు నేను సెలవు పెడతాను, కిటికీ దగ్గర ఉండను. అదీ బాగుందని వస్తే మా అమ్మాయి ఈ కాగితం మీద కాదు, ఏ కాగితం మీదైనా పెడుతుంది."

"ఒకసారి ఇచ్చాడుగా. మీ ముద్రే ఉందిగా దాని మీద?"

"ఉంది. అందుకే అడుగుతున్నాను."

మేజిస్ట్రేటు కొడుకు వైపు తిరిగింది. "వెళ్లి ఇచ్చి రారా. ఈ నస వదిలిపోతుంది. మనకేం భయం?"

"నేను వెళ్లను."

"ఎందుకు వెళ్లవు? రేపు పొద్దున్నే వెళ్లు. నేనూ వస్తాను, బయట కూర్చుంటాను. వీళ్ల నోరు ఎలా మూతపడదో చూస్తాను."

"వెళ్లనన్నానుగా అమ్మా."

"ఒరేయ్, నీకేం లోటని?"

ఆవిడ ఇంకా నాలుగైదు మాటలు అంది. వంశం మాట ఎత్తింది, తన నాన్నగారి మాట ఎత్తింది. ఒక్కో మాటకూ అతను కాస్త కాస్త గుమ్మం బయటికి జరిగాడు. కన్నతల్లే కొడుకుని అలా గోడకు తరుముతుంటే చూడటం నాకు బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది.

అప్పుడు అమ్మాయి మాట్లాడింది. ఆరేళ్లలో ఆ ఇంటివాళ్ల ముందు అది అంత నెమ్మదిగా, అంత గట్టిగా మాట్లాడటం నేను వినలేదు.

"ల్యాబులో ఇచ్చిన రోజు నువ్వు ఇంటి నుంచి తీసుకెళ్లలేదు. తెల్లవారుజామునే షాపులో పొయ్యి చెడిందని వెళ్లిపోయావు. నాకు గుర్తుంది. నువ్విచ్చింది ఎవరిది?"

అల్లుడు దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. మేజిస్ట్రేటు పెన్ను మూత కోసం బల్ల మీద తడిమింది. అది ఆవిడ ఒళ్లోనే ఉంది.

"అంటే ఏమిటే? ఎవరిదేమిటి?" అంది కానీ ఆ గొంతులో తీర్పు లేదు. కొడుకు వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్లీ కొడుకు వైపు. ఎంతైనా తెలివైన మనిషి. అర్థమయ్యాక ఒక్క క్షణం కూడా ఏడుపు మొహం పెట్టలేదు. గొంతు తగ్గించి నా వైపు వంగింది.

"వదినగారూ, ఇంట్లో మాట ఇంట్లోనే ఉండనిద్దాం. కాగితం నేను తీసుకెళ్లిపోతాను. పిల్ల మాతో వచ్చేస్తుంది. అన్నీ మర్చిపోదాం."

"కాగితం ఉండనివ్వండి అత్తయ్యా" అంది అమ్మాయి.

అది పెన్ను తీసుకుంది. తన శరీరంలోని లోపమేనని ఉన్న వాక్యం మొదటి నుంచి చివరి దాకా నిదానంగా కొట్టేసింది. రిపోర్టు పిన్ను ఊడదీసి అల్లుడి కాళ్ల దగ్గరికి విసిరింది. ఇష్టంతో విడిపోతున్నాను అన్న ముక్క ఒక్కటీ మిగిలింది. దాని కింద సంతకం పెట్టి కాగితాన్ని అత్తగారి చేతిలో పెట్టింది.

అతనిలో లోపం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అతనికీ తెలియదు. ఏమీ లేకపోవచ్చు కూడా. చూపించుకోవడానికి భయపడి ఇంకొకడిది తెచ్చాడు, అంతే.

వాళ్లు మెట్లు దిగిన చప్పుడు ఆగాక అమ్మాయి నా వైపు తిరిగింది. మేస్త్రి సంగతి, ఉత్తరం సంగతి, మిషను చూపించిన వయసు సంగతి అంతా చెప్పాను. నంబరు చెప్పలేదు. అది అన్నీ విని ఒక్కటే అడిగింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"నాలుగో సూది వేసిన మర్నాడు."

అది తన పొట్ట మీద చెయ్యి వేసుకుంది. వేళ్లతో ఒక్కో చోట నొక్కుతూ పోయింది.

"అంటే ఎనిమిది" అంది. "తెలిసి ఎనిమిది పొడిచావు."

నా కారణాలన్నీ చెప్పబోయాను. ఉద్యోగం, గడువు, వాళ్లు ఏమంటారో అన్న భయం. మూడో మాట దగ్గర అది లేచి వెళ్లి వంటగదిలో చాప పరుచుకుంది.

సోమవారం డాక్టరమ్మ నన్ను పిలిచింది. నలభై ఏడో నంబరు వాళ్లు పరిశోధన నుంచి తప్పుకుంటున్నామని పొద్దున్నే ఫోను చేసి కోపంగా మాట్లాడారట. ఎవరికైనా ఏమైనా చెప్పావా అని అడిగింది.

"నంబరు చెప్పలేదమ్మా" అన్నాను.

"నేను అడిగింది అది కాదు" అంది.

కిటికీ నుంచి నన్ను తీసేసి గాజుసామాను కడిగే గదిలో వేసింది. ఆ కిటికీకి కళ్లజోడమ్మాయి, ఇంటి నుంచి తెచ్చినవి ఇకపై తీసుకోబోమని కాగితం అంటించింది. అందులో రెండు తప్పులున్నాయి. చెప్పలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మాయి పని నుంచి వచ్చి అన్నం వండి ఉంది. కంచం నా ముందు పెట్టింది. తనది తీసుకుని దూరంగా కూర్చుంది. తల ఎత్తకుండానే అడిగింది.

"నిన్నేం చేశారు?"

"కిటికీ దగ్గర నుంచి తీసేశారు."

"మంచి పని చేశారు" అంది.